పేర్లు చదివే రోజు

సూర్యాపేట బస్టాండు రాత్రిళ్లు నిద్రపోదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు పోయే బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతూనే ఉంటాయి. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి వేళ అక్కడ పోలీసులు బస్సుల్లో తనిఖీ చేస్తున్నారు. అదేమీ పెద్ద ఆపరేషన్ కాదు. ఏ జిల్లాలోనైనా తరచూ జరిగే పనే. లాఠీ చప్పుడుకు సగం మేలుకున్న ప్రయాణికుడు, పైనున్న బ్యాగు తనదేనని చెప్పి మళ్లీ దుప్పటి ముసుగేసుకునే తంతు.

ఆ రాత్రి ఇద్దరు యువకుల వాలకం మీద అనుమానం వచ్చింది. వివరాలు అడిగారు. వాళ్లు తుపాకులు తీశారు. కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ ప్రాణాలు వదిలారు. సీఐ మొగిలయ్య, మరో హోంగార్డు గాయపడ్డారు. కాల్చినవాళ్లు చీకట్లో కలిసిపోయారు.

మొదట ఎవరో ఉత్తరాది దొంగల ముఠా అనుకున్నారు. వాళ్లు 2013 అక్టోబర్‌లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్న, నిషేధిత సంస్థ సిమికి చెందిన ఖైదీలన్న సంగతి తర్వాత తేలింది. అంటే లింగయ్యకూ మహేశ్‌కూ తమ ఎదుట నిలబడ్డది ఎవరో తెలియదు. తెలిసి ఉంటే కమాండోలు వచ్చేవారు, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు వచ్చేవి, బస్టాండు ఖాళీ అయ్యేది. వాళ్లు మాత్రం మామూలు తనిఖీకి వెళ్లారు.

పోలీసు సాహసం అనగానే మన కళ్ల ముందు తెర మీది పోలీసే నిలబడతాడు. 'అంకుశం' రోజుల నుంచి ఇప్పటిదాకా మన సినిమాల్లో ఇన్‌స్పెక్టర్‌కు శత్రువెవరో ముందే తెలుసు, మాటకు మాట సిద్ధంగా ఉంటుంది, చివరి రీలు దాకా బతికుంటాడు. నిజం పోలీసుల మరణాలు ఎక్కువగా ఆ కొలతకు దొరకవు. చెక్‌పోస్టు దగ్గర చెయ్యి అడ్డం పెట్టినప్పుడో, వారెంటు పట్టుకుని తలుపు తట్టినప్పుడో, దొంగను స్టేషన్‌కు తీసుకొస్తున్నప్పుడో జరుగుతాయి. ఎదుటివాడు ఎవడో తెలియకుండానే రోజూ వాడి దగ్గరికి నడిచి వెళ్లడం ఈ ఉద్యోగంలోని అసలు సాహసం. ఆ అడుగు వేసేది చాలాసార్లు కానిస్టేబులూ హోంగార్డే.

హోంగార్డు సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. చట్టం లెక్కలో ఆయన ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకుడు. జీతం ఉండదు, డ్యూటీ చేసిన రోజుకు ఇంత అని భత్యం ఉంటుంది. తెలంగాణలో ఆ భత్యం 2025 జనవరి నుంచి 921 రూపాయలు కాస్తా 1,000 అయింది. ట్రాఫిక్ కూడలిలో ఎండకు నిలబడేదీ, అధికారి బండి నడిపేదీ, జాతరలో తాడు పట్టుకుని జనాన్ని ఆపేదీ, రాత్రి తనిఖీలో టార్చిలైటు పట్టుకునేదీ ఆయనే. తుపాకీ సాధారణంగా చేతికివ్వరు. సూర్యాపేటలో తూటాకు మాత్రం పర్మినెంటు, టెంపరరీ తేడా తెలియలేదు.

మూడు రోజులు గాలించారు. ఏప్రిల్ 4న అప్పటి నల్లగొండ జిల్లా మోత్కూరు మండలం జానకీపురం దగ్గర ఆ ఇద్దరూ పోలీసులకు ఎదురుపడ్డారు. కాల్పుల్లో ఇద్దరూ చనిపోయారు. కానిస్టేబుల్ నాగరాజు అక్కడే నేలకొరిగారు. ఆత్మకూరు(ఎం) ఎస్సై సిద్ధయ్య ఒంట్లో తూటాలతో హైదరాబాద్ ఆస్పత్రికి చేరారు. ఆయన మృత్యువుతో పెనుగులాడుతుండగానే, నిండు గర్భిణిగా ఉన్న ఆయన భార్యకు కాన్పయి బిడ్డ పుట్టింది. ఏప్రిల్ 7న సిద్ధయ్య కన్నుమూశారు. ఆ నాలుగు రోజులూ తెలుగునాట టీవీ ముందు కూర్చుని ఆయన బతకాలని కోరుకోని ఇల్లు అరుదు. పోలీసంటే చిరాకుపడే వాళ్లు కూడా కోరుకున్నారు.

ఇలాంటి పేర్లను ఏటా ఒక రోజు గట్టిగా పైకి చదువుతారు. ఆ రోజు అక్టోబర్ 21.

దాని మూలం మనకు చాలా దూరంలో, లద్దాఖ్‌లో ఉంది. 1959 నాటికి టిబెట్ సరిహద్దును కాపలా కాస్తున్నది సైన్యం కాదు, పోలీసులే. ఆ ఏడాది అక్టోబర్ 20న హాట్ స్ప్రింగ్స్ అనే చోటు నుంచి మూడు గస్తీ బృందాలు బయల్దేరాయి. రెండు తిరిగొచ్చాయి. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక కూలీ ఉన్న మూడో బృందం రాలేదు. మర్నాడు కరమ్‌సింగ్ అనే అధికారి నాయకత్వంలో ఇరవై మందికి పైగా వాళ్లను వెతకడానికి వెళ్లారు. కొందరు గుర్రాల మీద, మిగతావాళ్లు కాలినడకన. మధ్యాహ్నం వేళ ఒక గుట్ట మీది నుంచి చైనా సైనికులు కాల్పులు జరిపారు, గ్రెనేడ్లు విసిరారు. దాక్కోవడానికి చెట్టు కూడా లేని నేల అది. పది మంది చనిపోయారు, ఏడుగురు గాయపడ్డారు. మృతదేహాలను చైనా అప్పగించడానికే మూడు వారాలు పట్టింది. అక్కడే, ఆ చలిలోనే, పోలీసు లాంఛనాలతో దహనం చేశారు. సరిహద్దు బాధ్యత సైన్యం చేతికి వెళ్లింది ఆ తర్వాతే.

తోటివాళ్లు ఇద్దరు కనిపించకపోతే వెతకడానికి వెళ్లి చనిపోయినవాళ్లు వీళ్లు. 1960 జనవరిలో రాష్ట్రాల పోలీసు ఐజీల సదస్సు అక్టోబర్ 21ని సంస్మరణ దినంగా నిర్ణయించింది. దేశంలోని పోలీసు బలగాల నుంచి ఎంపికైన బృందం ఒకటి ఏటా హాట్ స్ప్రింగ్స్ దాకా ఎక్కివెళ్లి నివాళి అర్పించి వచ్చే ఆనవాయితీ కూడా ఉంది. ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకాన్ని ప్రారంభించడానికి మాత్రం 2018 అక్టోబర్ 21 దాకా ఆగాల్సి వచ్చింది. ముప్ఫై అడుగుల ఎత్తు, 238 టన్నుల బరువున్న ఏకశిల అది. పక్కన ఉన్న గోడ మీద, స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి అప్పటివరకు విధి నిర్వహణలో చనిపోయిన 34,844 మంది పేర్లు చెక్కారు.

మన దగ్గర హైదరాబాద్‌లో గోషామహల్ స్టేడియంలో, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోనో మంగళగిరిలోనో, ప్రతి జిల్లా కేంద్రంలో పరేడ్ మైదానంలోని స్తూపం దగ్గర ఆ ఉదయం కవాతు ఉంటుంది. 'శోక్ శస్త్ర్' అన్న ఆదేశం రాగానే తుపాకుల మొనలు నేల వైపు తిరుగుతాయి. బ్యూగిల్ మోగుతుంది. గడచిన ఏడాదిలో దేశమంతటా చనిపోయిన పోలీసుల పేర్లను ఒక అధికారి ఒక్కొక్కటిగా చదువుతారు. 'అమరులు వారు' అన్న పుస్తకాన్ని ఆవిష్కరిస్తారు. ముందు వరసలో తెల్లచీరల్లో, స్కూలు యూనిఫాముల్లో కుటుంబాలు కూర్చుంటాయి. రాష్ట్రాల వారీగా సాగే ఆ పేర్ల పఠనం చాలాసేపు పడుతుంది. ప్రసంగాలు మర్నాడు పేపర్లో వస్తాయి, పేర్లు రావు. ఒక పత్రికవాడిగా నాకు ఇది మింగుడుపడదు. ఆ రోజు అక్కడ జరిగే అసలు పని ఆ చదవడమే.

చదివే పేర్ల ముందుండే హోదాలను గమనిస్తూ వినండి. ఎస్పీ, డీఎస్పీ అన్న మాటలు ఎప్పుడో ఒకసారి వస్తాయి. కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై అన్నవే మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. మనకు గుర్తున్నవి మాత్రం పెద్ద హోదాల పేర్లే. నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ దళాన్ని 1989లో తీర్చిదిద్దిన కె.ఎస్.వ్యాస్ 1993 జనవరి 27న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో జాగింగ్ చేస్తుండగా నక్సలైట్ల తూటాలకు బలయ్యారు. ఉమేశ్ చంద్ర కడప, కరీంనగర్ జిల్లాల్లో ఎస్పీగా చేసి జనం నోట నానిన పేరు. 1999 సెప్టెంబర్ 4న ఎస్సార్ నగర్ కూడలిలో ఆయన కారు మీద కాల్పులు జరిగాయి. చేతిలో ఆయుధం లేకుండానే ఆయన కారు దిగి హంతకులను తరిమారు. వాళ్లు వెనక్కి తిరిగి కాల్చారు. ఇద్దరూ మరిచిపోకూడని అధికారులే. ఎస్సార్ నగర్‌లో ఉమేశ్ చంద్ర విగ్రహం ఉంది, ఉండాలి కూడా.

కానీ ఆ రోజు ఆ కారులో ఇంకో ఇద్దరు చనిపోయారు. ఆయన గన్‌మన్, డ్రైవర్. వాళ్ల పేర్లేమిటని ఆ కూడలిలో రోజూ సిగ్నల్ దగ్గర ఆగేవాళ్లలో ఎంతమందిని అడిగితే ఒక్కరు చెప్పగలరు? అధికారి పక్క సీట్లో కూర్చున్నందుకు చనిపోయిన మనిషిది చరిత్రలో కూడా పక్క సీటే అయింది.

2008 జూన్ 29న ఒడిశా మల్కన్‌గిరి జిల్లా బలిమెల జలాశయంలో జరిగింది ఇంకా పెద్ద దెబ్బ. గాలింపు ముగించుకుని లాంచీలో వస్తున్న గ్రేహౌండ్స్ దళం మీద గట్టు మీది కొండల నుంచి మావోయిస్టులు కాల్పులు జరిపారు. నీళ్ల మధ్య ఉన్నవాడికి చాటెక్కడిది? లాంచీ మునిగింది. తూటా తగిలి కొందరు, బరువైన బూట్లతో ఆయుధాలతో ఈదలేక కొందరు, మొత్తం 38 మంది చనిపోయారు. అడవిలో ఎవరికీ దొరకని దళమని పేరున్న గ్రేహౌండ్స్‌కు అంత నష్టం అంతకుముందు లేదు. మృతదేహాల కోసం రోజుల తరబడి నీళ్లలో వెతికారు. అంతమంది ఒకే లాంచీ ఎందుకెక్కాల్సి వచ్చిందన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. ఆ ప్రశ్న అడగడం చనిపోయినవాళ్లను తక్కువ చేయడం కాదు. వాళ్ల తర్వాత లాంచీ ఎక్కబోయే వాడి కోసం అడగాల్సిన ప్రశ్న అది.

అదే గ్రేహౌండ్స్‌కు చెందిన కె.ప్రసాద్ బాబు 2013 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లో తోటి కమాండోలను కాపాడుతూ చనిపోయారు. 2014 గణతంత్ర దినోత్సవాన ఆయనకు మరణానంతరం అశోక చక్ర ప్రకటించారు. యుద్ధం లేని వేళ చూపిన సాహసానికి ఈ దేశం ఇచ్చే అత్యున్నత పురస్కారం అది. ముంబయి ఏఎస్సై తుకారాం ఓంబ్లేకు వచ్చిందీ అదే. 2008 నవంబర్ ముంబయి దాడుల వేళ గిర్గాం చౌపాటీ దగ్గర చేతిలో లాఠీతో వెళ్లి, ఉగ్రవాది కసబ్ తుపాకీ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, తూటాలు ఒంట్లో దిగుతున్నా వదలని మనిషి ఆయన. కసబ్ ప్రాణాలతో దొరికాడు కాబట్టే ఆ కుట్ర ఎక్కడ పుట్టిందో ప్రపంచానికి రుజువులతో చూపగలిగాం. ఓంబ్లే కథ తెలుగు పిల్లలకు కూడా తెలుసు. ప్రసాద్ బాబు పేరు తెలిసిన తెలుగువాళ్లు ఎందరో నాకు అనుమానమే.

మావోయిస్టుల హింస చాలావరకు తగ్గింది. పోలీసుల చావులు మాత్రం ఆగలేదు. 2024 ఫిబ్రవరి 6న అన్నమయ్య జిల్లా కె.వి.పల్లె మండలంలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ వాహనాలు తనిఖీ చేస్తుంటే, స్మగ్లర్లు కారు ఆపకుండా కానిస్టేబుల్ గణేశ్ మీదుగా పోనిచ్చారు. 2025 అక్టోబర్ 17న నిజామాబాద్‌లో సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) కానిస్టేబుల్ ప్రమోద్, పట్టుకున్న పాత నేరస్థుణ్ని బైకు మీద స్టేషన్‌కు తీసుకొస్తుండగా వాడు కత్తితో పొడిచి చంపాడు. సంస్మరణ దినానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కత్తి దూయగల నేరస్థుణ్ని బైకు మీద ఎందుకు తేవాల్సి వచ్చింది? ఏ స్టేషన్‌లో పనిచేసిన వాణ్ని అడిగినా నవ్వి ఊరుకుంటాడు. జీపు ఎస్సైతో బందోబస్తుకు పోయి ఉంటుంది, డీజిల్ కోటా అయిపోయి ఉంటుంది, ఎస్కార్ట్‌కు మనుషులు ఉండరు. కానిస్టేబుల్ సొంత బండి తీస్తాడు. ధైర్యం అని మనం పొగిడేదాంట్లో కొంత భాగం ఇలా ఇవ్వాల్సింది ఇవ్వకపోవడం వల్ల పుట్టుకొచ్చిన ధైర్యం. దానికి పతకం ఇచ్చి చేతులు దులుపుకోవడం తప్పు.

పోలీసుల జాబితాలోకి రానివాళ్లూ ఉన్నారు. 2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ అటవీ రేంజి అధికారి శ్రీనివాసరావు పోడు భూముల గొడవలో హత్యకు గురయ్యారు. 2013 డిసెంబర్‌లో శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగలు ఇద్దరు అటవీ అధికారులను చంపారు. అటవీ అమరవీరుల రోజు సెప్టెంబర్ 11 అని ఒకటుందని చాలామందికి తెలియనే తెలియదు.

ఇంకో మాట చెప్పకుండా ఈ కథనం ముగిస్తే అది భజన అవుతుంది. సిద్ధయ్య కన్నుమూసిన 2015 ఏప్రిల్ 7నే, అదే నల్లగొండ జిల్లాలో ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తెస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసు వ్యానులోనే కాల్పుల్లో చనిపోయారు. ఎస్కార్ట్ ఆయుధం లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. బేడీలున్న చేతులతో సీట్లలో పడివున్న శవాల ఫొటోలు చూసినవాళ్లు ప్రశ్నలడిగారు. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. అదే రోజు తెల్లవారుజామున శేషాచలంలో పోలీసు కాల్పులకు ఇరవై మంది తమిళ కూలీలు బలయ్యారు. ఆ రోజుల్లో ఈ ప్రశ్నలు అడిగిన ప్రతివాణ్నీ 'మరి సిద్ధయ్య సంగతేమిటి?' అని ఎదురు నిలదీశారు. ఒక నిజాయితీపరుడి మరణాన్ని ఇంకెవరి తుపాకీకో జవాబుగా వాడుకోవడం కంటే ఆయనకు చేయగల పెద్ద అవమానం ఏముంది? బస్టాండులో లింగయ్య చేసింది వివరాలు అడగడం. చట్టం చెప్పిన పని చేస్తూ చనిపోయిన మనిషి గౌరవం చట్టం మీదే నిలబడుతుంది. ప్రశ్న అడిగితే ఆ గౌరవం తగ్గదు.

బతికున్నవాళ్ల మాట కూడా ఉంది. 2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు పిల్లలను చంకనేసుకుని రోడ్డెక్కారు. భర్తలు నెలలో ఎక్కువ రోజులు ఎక్కడెక్కడో డ్యూటీల్లో ఉంటున్నారని, పిల్లలు తండ్రి ముఖం మరిచిపోతున్నారని, అందరికీ ఒకే పోలీసు విధానం కావాలని అడిగారు. తర్వాత కానిస్టేబుళ్లే కొన్నిచోట్ల నిరసనకు దిగారు. ఆ నెలాఖరులో ప్రభుత్వం 39 మందిని సస్పెండ్ చేసి, 10 మందిని ఉద్యోగాల నుంచే తీసేసింది. యూనిఫాం వేసుకున్నవాడు సమ్మె చేయకూడదన్న వాదనలో బలముంది, కాదనను. కానీ సమ్మె చేయలేని వాడి గోడును ముందే వినాల్సిన బాధ్యత పై వాళ్లది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో పోలీసులకు వారానికో సెలవు ప్రకటించినప్పుడు కానిస్టేబుళ్ల ఇళ్లలో పండుగ చేసుకున్నారు. ఇరవై నాలుగు గంటలూ ఎప్పుడు పిలుస్తారో తెలియని ఉద్యోగంలో ఒక ఆదివారం పిల్లలతో గడపడం ఎంత పెద్ద కోరికో ఆ సంబరం చెప్పింది. తర్వాతి ఏడాదే కరోనా వచ్చింది. లాక్‌డౌన్‌లో మనం తలుపులేసుకుంటే, రోడ్ల మీద నిలబడి జబ్బు తెచ్చుకున్నవాళ్లలో పోలీసులూ ఉన్నారు. ఆ జబ్బుతో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

గౌరవం చూపాలంటే ఏం చేయాలి? ప్రభుత్వాలు ఎక్స్‌గ్రేషియా పెంచుతున్నాయి, ఇంటి స్థలం అంటున్నాయి, కారుణ్య నియామకం ఉంది. అవి కావాలి, ఆలస్యం లేకుండా కావాలి. హోంగార్డు డ్యూటీలో చనిపోతే ఆ కుటుంబానికి కానిస్టేబుల్ కుటుంబంతో సమానంగా అందాలి. బండి లేక, జాకెట్ లేక, మనుషులు లేక పోయిన ప్రతి ప్రాణం మీదా విచారణ జరిపి, తప్పెక్కడ జరిగిందో ఆ నివేదికను బయట పెట్టాలి. 'అమరులు వారు' పుస్తకం పరేడ్ మైదానం దాటి ఊరి గ్రంథాలయానికీ బడికీ రావాలి. ఎస్సార్ నగర్ కూడలిలో ఉమేశ్ చంద్ర పక్కన ఆ గన్‌మన్, డ్రైవర్ల పేర్లు వెళ్లేవాళ్లకు కనిపించేలా ఉండాలి.

పాఠకులకు ఒక విన్నపం. అక్టోబర్ 21 ఉదయం మీ జిల్లా పరేడ్ మైదానంలో కవాతు జరుగుతుంది. ఆ వారంలో చాలా స్టేషన్లు పిల్లల కోసం ఓపెన్ హౌస్ పెడతాయి. పిల్లలను తీసుకెళ్లండి. తుపాకులు చూపించండి, పర్వాలేదు, వాళ్లకు అవే ఇష్టం. తర్వాత స్తూపం దగ్గరికి తీసుకెళ్లి మీ జిల్లా పేర్లు చదివించండి. ఎవరు ఎలా చనిపోయారో అక్కడున్న హెడ్ కానిస్టేబుల్‌ను అడగండి.